కార్బరేటర్ దొరబాబు

కువైట్‌లోని షువైఖ్‌లో గ్యారేజీల వీధులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. వాటిలో ఒక గ్యారేజీ వెనక మూల, కూలర్ గాలి తగిలేచోట, ఇరవై ఆరేళ్లుగా ఒకే బల్ల దగ్గర పనిచేస్తున్నాడు దొరబాబు. రాజోలు దగ్గరి మనిషి. వయసు యాభై మూడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, అమలాపురంలో అంబాసిడర్ కార్ల షెడ్డులో పని నేర్చుకుని, ఆ పనితోనే కువైట్ వచ్చాడు. ఎంత మొండికేసిన కార్బరేటర్‌నైనా ఒక స్క్రూడ్రైవరుతో, రెండు చెవులతో దారికి తెచ్చేవాడు. వీధిలో మనవాళ్లే కాదు, ఈజిప్టువాళ్లూ పాకిస్తానువాళ్లూ కూడా అతన్ని కార్బరేటర్ దొరబాబు అనే పిలిచేవారు.

కార్బరేటర్ పాత బళ్లకే ఉంటుంది. పెట్రోలునీ గాలినీ తగుపాళ్లలో కలిపి ఇంజన్‌కి అందించడం దాని పని. కొత్త బళ్లలో ఆ పని కంప్యూటర్ చూసుకుంటుంది. గ్యారేజీలో మిగతావాళ్లు బండికి ఓ చిన్న పెట్టె తగిలించి, తెర మీద అక్షరాలు చదివి రోగం చెప్పేస్తుంటే, దొరబాబు దగ్గరికి నెలకో ముసలి బండి వచ్చేది. మిగతా రోజుల్లో అతను ఆయిలు మార్చేవాడు, బ్రేకులు విప్పి కడిగేవాడు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అతనికే లోపల వెలితిగా ఉండేది.

మే రెండో వారంలో సౌద్ తన వనైత్‌ని క్రేన్ బండి మీద వేయించుకుని వచ్చాడు. పికప్ బండిని కువైట్‌లో వనైత్ అంటారు. సౌద్ కువైటీ, సర్కారు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఊరవతల ఎడారిలో, కబ్ద్‌లో వాళ్లకి మేకల ఫారం ఉంది. ఆ వనైత్ 1979లో వాళ్ల నాన్న కొన్నది. లేత నీలం రంగు, ఎండకి తెల్లబారిపోయిన పైకప్పు, బానెట్ ఎత్తితే ఆరు సిలిండర్లూ ఒకే వరసలో నిలబడ్డ పొడుగాటి ఇంజన్. పదేళ్లుగా దాని కార్బరేటర్‌ని దొరబాబు తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

"మళ్లీ ఆగిందా, బాబా?" అన్నాడు దొరబాబు అరబిక్‌లో.

"నడిరోడ్డు మీద ఆగింది. పక్కన మా అమ్మ ఉంది. నలభై ఏడు డిగ్రీల ఎండ. గంటసేపు అక్కడే కూర్చున్నాం." సౌద్ తలకి చుట్టుకున్న గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఖలాస్, ఇంక చాలు దొరబాబూ. తుక్కు కింద ఇచ్చేస్తానని అమ్మతో అన్నాను."

"అమ్మగారేమన్నారు?"

"బండి ఇచ్చేస్తే నాతో మాట్లాడనంది."

బండి ఎందుకు ఆగుతుందో దొరబాబుకి బాగా తెలుసు. ఆ ఇంజన్‌లో కార్బరేటరూ, పొగ బయటికి పోయే గొట్టమూ ఒకే వైపున, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ గొట్టం వేడికి కువైట్ ఎండ కూడా తోడైతే కార్బరేటర్‌లో పెట్రోలు, పొయ్యి మీది గిన్నెలో నీళ్లలా మరుగుతుంది. ఇంజన్‌కి పెట్రోలు బదులు ఆవిరి అందుతుంది. ప్రతి వేసవిలోనూ దొరబాబు పెట్రోలు పంపు మీద తడి గుడ్డ చుట్టి, "బాబా, ఆరిపోతే మళ్లీ తడపండి" అని చెప్పి పంపేవాడు. అంతకు మించి చెయ్యడానికి ఏమీ లేదు.

గ్యారేజీలో తలో మాటా అన్నారు. ఒకరు ఇంజన్ పీకేసి ఎనిమిది సిలిండర్లది పెట్టమన్నారు. సౌద్ తల అడ్డంగా ఊపాడు. "అమ్మ ఒప్పుకోదు. ఇంజన్ ఇదే ఉండాలి, చప్పుడు ఇదే ఉండాలి, ఆగకూడదు అంది." అప్పుడు ఫోర్‌మన్ అన్నాడు: "అయితే కార్బరేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టండి. అమెరికా నుంచి కిట్లు వస్తున్నాయి. కంప్యూటరే చిమ్ముతుంది పెట్రోలు."

అందరూ దొరబాబు వైపు చూశారు. కార్బరేటర్ దొరబాబుని కార్బరేటర్ తీసెయ్యమంటున్నారు. తను కాదంటే బండి పక్క వీధికి పోతుంది. అక్కడ ఎవడో తెలియనివాడు ఆ ఇంజన్ మీద చెయ్యి వేస్తాడు.

"నేనే చేస్తాను," అన్నాడు దొరబాబు.

మూడు వారాల్లో కిట్ వచ్చింది. అట్టపెట్టె విప్పితే, లోపల గాలి వెళ్లే గొంతులాంటి మెరిసే అల్యూమినియం ముక్క, దాని తలమీద పెట్రోలు చిమ్మే రెండు ఇంజెక్టర్లు, ఒక కరెంటు పంపు, సబ్బుపెట్టె అంత కంప్యూటర్, జడలా అల్లిన రంగురంగుల వైర్లు, నూట నలభై పేజీల ఇంగ్లీషు పుస్తకం. దొరబాబు ఇనుప సామానంతా బల్ల మీద వరసగా పేర్చుకుని ముచ్చటపడ్డాడు. పుస్తకం తెరిచి మూసేశాడు.

సాయంత్రం ఫర్వానియాలో గదికి ఆ పుస్తకం తీసుకెళ్లాడు. గదిలో అతనితో ఉండే సమీవుల్లా కడపవాడు, ఒక ఇంజనీరింగు కంపెనీ వ్యాను నడుపుతాడు. దొరబాబు మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చోవడం చూసి పక్కన చేరాడు.

"ఏందన్నా, పరీక్ష రాస్తాండావా?"

"రాసినా తప్పుతానురా. ఈ వైరు ఎక్కడికెళ్లాలో బొమ్మేసాడు గానీ ఎందుకెళ్లాలో నాకు బోధపడట్లేదు. ఎందుకో తెలీకుండా నేను వైరు కలపలేను."

సమీవుల్లా పుస్తకం అందుకుని తిరగేశాడు. "మా మేడం ఉండాది గదన్నా. చాముండేశ్వరి మేడం. ఆయమ్మ లాప్‌టాప్ ముందర కూచోని యాడనో ఉండే ప్లాంట్లో వాల్వులు తిప్పుతాది. మన తెలుగామె. అడిగితే తప్పేముండాది?"

"అంత చదువుకున్న ఆవిడ గ్యారేజీకొస్తాదా?"

"నేనడుగుతా లేన్నా. రాకుంటే మానె."

ఆమె రావడమే కాదు, శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికే వచ్చేసింది. శుక్రవారం గ్యారేజీకి సెలవు, వీధంతా ఖాళీ. నలభై ఆరేళ్ల మనిషి, నూలు చుడీదారు, జుట్టు బిగించి ముడి. లోపలికి రాగానే నిలబడిపోయి గట్టిగా గాలి పీల్చింది.

"ఆటోనగర్ వాసన!" అంది.

దొరబాబుకి అర్థం కాలేదు.

"మాది విజయవాడండీ. మా నాన్నగారికి ఆటోనగర్లో లేత్ షాపు ఉండేది. రోజూ మధ్యాహ్నం క్యారేజీ నేనే తీసుకెళ్లేదాన్ని. ఆయన తినేసరికి అరగంట. ఆ అరగంటా కళ్లప్పగించి చూసేదాన్ని. మెషిన్ మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. ఆడపిల్లవి, చున్నీ ఇరుక్కుంటుందనేవారు." నవ్వింది. "ఇరవై ఏళ్లుగా కంట్రోల్ రూముల్లో కూర్చుంటున్నాను. నేను ఇక్కడ మీట నొక్కితే ముప్పై కిలోమీటర్ల అవతల ఏదో కదులుతుంది. ఆ కదిలేది నేనెప్పుడూ చూళ్లేదు. చూపిస్తారా?"

"ఆయ్, తప్పకుండానండి," అన్నాడు దొరబాబు. మనసు కొంచెం తేలికపడింది.

ఆ పొద్దున్నంతా ఆమె పుస్తకం చదివి చెప్పింది, అతను విన్నాడు. అతను ఎందుకు అని అడిగిన ప్రతిసారీ ఆమె కాగితం మీద బొమ్మ గీసింది. పంపు ట్యాంకు పక్కనే కింద ఉంటుంది, చల్లగా ఉంటుంది. అది గట్టి ఒత్తిడితో పెట్రోలుని ముందుకి తోస్తుంది. ఇంజెక్టర్లకి కావలసినంత పోగా మిగిలింది వేరే గొట్టంలోంచి వెనక్కి ట్యాంకులోకి వచ్చేస్తుంది. ఒకచోట నిలబడదు కాబట్టి మరగదు.

దొరబాబు ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "నిలవ ఉండదు గాబట్టి మరగదు. అంతేగదండీ! ఈ ముక్క ఆ పుస్తకంలో మొదటి పేజీలో రాయొచ్చుగదా."

తరవాతి శుక్రవారం సౌద్ వాళ్లమ్మ స్వయంగా వచ్చింది. అందరూ ఆమెని ఉమ్ సౌద్ అంటారు, సౌద్ తల్లి అని. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. నల్లటి అబాయా, ముడతలు పడ్డ చేతుల నిండా గోరింటాకు, ఒక చేతిలో గహ్వా అనే అరబ్బు కాఫీ ఫ్లాస్కు, మరో చేతిలో ఖర్జూరాల డబ్బా. వెంట వచ్చిన సౌద్ కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చుని దొరబాబుని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా తడి గుడ్డ మనిషివి?"

దొరబాబు తల దించుకున్నాడు. "నేనే, యుమ్మా." అమ్మని అక్కడ అలాగే పిలుస్తారు.

"ఈ బండి గొంతు నువ్వు మార్చకూడదు. మేం ఎడారిలో గుడారాల్లో ఉన్న రోజుల్లో మా ఆయన ఇంకా ఇసక దిబ్బల అవతల ఉండగానే ఈ చప్పుడు నాకు వినిపించేది. గహ్వా పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆయన దిగేసరికి మరిగేది. ఒక్కరోజు కూడా తప్పలేదు." చిన్న గిన్నెల్లో అందరికీ గహ్వా పోసింది. చాముండేశ్వరి కూడా పని చేస్తోందని తెలిసి ఆమెకి మరో నాలుగు ఖర్జూరాలు ఎక్కువ పెట్టింది. వెళ్లేముందు దొరబాబుతో అంది: "ఆగస్టులో ఎక్కుతాను. మిట్టమధ్యాహ్నం. ఆగిందంటే నువ్వే దిగి తొయ్యాలి, కబ్ద్ దాకా."

జూన్ నెలంతా ఇనుము పని. అది దొరబాబుకి వచ్చిన పనే కాబట్టి ఎంతో హుషారుగా చేశాడు. కొత్త ముక్క బోల్టు బెజ్జాలు పాత ఇంజన్ మీద కూర్చోలేదు. అల్యూమినియం పలక తెచ్చి, కోసి, ఆకురాయి పట్టి, మధ్యకి ఒక పీఠం తయారుచేశాడు. ట్యాంకు దించి, ఖాళీ చేసి, మూడుసార్లు కడిగి, వెల్డింగు నిప్పు అంటుకోకుండా నిండా నీళ్లు పోసి, అప్పుడు మిగులు పెట్రోలు వెనక్కొచ్చే గొట్టానికి దారి అతికాడు. పొగగొట్టానికి బెజ్జం పెట్టి, మంట సరిగా మండుతోందో లేదో వాసన చూసి చెప్పే సెన్సర్ బిగించాడు. చాముండేశ్వరి చేతిలో రెంచి పెట్టి, ఆ సెన్సర్ ఆఖరి మరను ఆమె చేతే తిప్పించాడు. ఆమె జేబురుమాలుతో చేతులు తుడుచుకోవడం మరిచిపోయి, నల్లబడ్డ వేళ్లతోనే ఇంటికెళ్లింది.

పాత కార్బరేటర్‌ని దొరబాబు తన చేతుల్తోనే విప్పాడు. శుభ్రంగా కడిగి, ఆయిలు రాసి, గుడ్డలో చుట్టి సౌద్ చేతికిచ్చాడు.

జులై మొదటి శుక్రవారం తాళం తిప్పారు. వెనక పంపు ఒక్క క్షణం జుయ్యిమంది. ఇంజన్ ఒకసారి దగ్గి, అందుకుంది. ఆరు సిలిండర్లూ ఒకదాని తరవాత ఒకటి, అదే పాత చప్పుడు, కొంచెం గొంతు సవరించుకున్నట్టు. సమీవుల్లా ఎగిరి గంతేశాడు. చాముండేశ్వరి చప్పట్లు కొట్టింది. దొరబాబు ఇంజన్ మీదికి వంగి వింటున్నాడు.

రెండు నిమిషాలకి ఇంజన్ ఠక్కున ఆగిపోయింది.

మళ్లీ తిప్పారు. ఈసారి నిమిషన్నర. మళ్లీ తిప్పారు. నలభై సెకన్లు. ప్రతిసారీ లాప్‌టాప్ తెర మీద కంప్యూటర్‌తో సంబంధం తెగిపోయిందనే మాట వచ్చేది. చాముండేశ్వరి వైర్లన్నీ మీటరుతో కొలిచింది. బాటరీ దగ్గర నల్ల తీగ మళ్లీ బిగించింది. ఆ శుక్రవారం గడిచిపోయింది. తరవాతి శుక్రవారం కూడా అలాగే సగం గడిచింది. ఆమె పుస్తకం నూట నలభై పేజీలూ మళ్లీ చదివింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ," అంది చివరికి కళ్లజోడు తీసి. "అయినా కంప్యూటర్‌కి మతి పోతోంది. ఎందుకో నాకు తెలియడం లేదు."

దొరబాబుకి ఆమె మొహం చూస్తే జాలేసింది. "కాసేపు ఇడిసిపెట్టండమ్మా. టీ తాగుదాం. పాట ఇందాం." సీట్లో కూర్చుని, డాష్‌బోర్డులో ఉన్న పాత రేడియో పెట్టి, ఇంజన్ మరోసారి తిప్పాడు. అరబిక్ పాట వచ్చింది. దాని వెనకే గర్ర్‌మని రొద. దొరబాబు యాక్సిలరేటర్ తొక్కాడు. రొద సన్నగా పైకి లేచింది. వదిలాడు. దిగింది.

చాముండేశ్వరి టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "ఆ చప్పుడేంటి?"

"అదాండి? ఈ బండి రేడియో ఎప్పుడూ ఇలాగే ఏడుస్తాదండి. ఇంజన్ ఎంత జోరుగా తిరిగితే అంత ఏడుపు. సౌద్ బాబాకి అలవాటే."

"మళ్లీ తొక్కండి."

తొక్కాడు. రొద లేచింది, ఇంజన్ ఆగిపోయింది, రొద కూడా ఆగిపోయింది.

"దొరబాబు గారూ, ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్లే ఆ లావు వైర్లు ఎప్పటివి?"

"పాతవేనండి. లోపల రాగి తీగ. గట్టి సరుకు, ఇప్పుడలాంటియి దొరకవు."

"అదే!" ఆమె లేచి నిలబడింది. "ఆ రాగి తీగల్లో నిప్పురవ్వ కొట్టినప్పుడల్లా చుట్టూ గాలిలోకి రొద చిమ్ముతోంది. రేడియోకి వినిపిస్తోందంటే కంప్యూటర్‌కి కూడా వినిపిస్తోందన్నమాట. పాపం, ఆ గోలలో దానికి లెక్క తప్పుతోంది. మా ప్లాంట్లో సన్న వైర్లని పెద్ద కరెంటు వైర్ల పక్కన పడుకోనివ్వం. నాకు ముందే తట్టాల్సింది. రేడియో పెట్టకపోతే ఇంకో నెల వెతికేదాన్ని."

"అంటే నలభై ఏళ్ల నుంచీ ఆ రేడియో చెప్తానే ఉందన్నమాట," అన్నాడు దొరబాబు.

లోపల కార్బన్ తీగ ఉండే కొత్త ప్లగ్గు వైర్లు వీధి చివర షాపులోనే దొరికాయి. శుక్రవారం మూసి ఉంటే సమీవుల్లా యజమాని ఇంటికి ఫోన్ చేసి తీయించాడు. దొరబాబు వాటిని బిగించి, కంప్యూటర్ వైర్లన్నిటినీ విప్పి, ప్లగ్గులకి దూరంగా అవతలి గోడ వెంట మళ్లీ పరిచాడు. తాళం తిప్పాడు. రేడియోలో పాట ఒక్కటే వినిపించింది. రెండు నిమిషాలు. ఐదు. పావుగంట. ఎవరూ మాట్లాడలేదు. ఇరవై నిమిషాలకి సమీవుల్లా, "అన్నా, ఇంక మాట్లాడొచ్చునా?" అన్నాడు. అందరూ ఒక్కసారిగా నవ్వేశారు.

అప్పుడే అసలు ముచ్చట మొదలైంది. ఏ వేగంలో ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్‌కి నేర్పాలి. చాముండేశ్వరి లాప్‌టాప్ మీద ఒక పట్టిక తెరిచింది. నిండా గళ్లు. నిలువునా ఇంజన్ వేగం, అడ్డంగా దాని మీద పడే బరువు. ప్రతి గడిలోనూ ఒక అంకె.

దొరబాబు కళ్లు చికిలించి చూశాడు. అంకెలు కిందినుంచి పైకి ఎలా పెరుగుతున్నాయో వేలితో గాలిలో గీసుకున్నాడు. హఠాత్తుగా బల్ల సొరుగు లాగి ఒక చిన్న డబ్బా తీశాడు. అందులో శనగగింజలంత ఇత్తడి ముక్కలు, ఒక్కోదానికి మధ్యలో సూది మొన పట్టేంత బెజ్జం.

"ఇయన్నీ జెట్లే గదండీ!"

"జెట్లంటే?"

"కార్బరేటర్లో పెట్రోలు ఈ బెజ్జంలోంచే రావాలండి. సన్న బెజ్జం పెడితే తక్కువొస్తాది, పెద్దది పెడితే ఎక్కువొస్తాది. కానీ ఒక్క జెట్టు మారిస్తే అన్ని స్పీడులకీ మారిపోద్దండి. కింద బాగు చేస్తే పైన చెడిపోద్ది. పైన బాగు చేస్తే ఎత్తెక్కేటప్పుడు ఏడుస్తాది. ఎక్కడో అక్కడ సర్దుకుపోవాలి. ముప్పై ఐదేళ్లు సర్దుకుపోయానండి." తెర వైపు చూపించాడు. "ఇక్కడ ఏ గడి జెట్టు ఆ గడికే ఉంది. రెండొందల యాభై జెట్లు! ఒకటి మారిస్తే పక్కది కదలదు. అయ్ బాబోయ్, ఇది నాకు అమలాపురంలో ఉన్నప్పుడే ఇచ్చుంటే!"

చాముండేశ్వరి లాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది. "అయితే మీరే కొట్టండి."

"అబ్బే, నా చేతులకి ఆయిలుందండి."

ఆమె కీబోర్డు మీద వంటింటి పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచింది. దొరబాబు కుడిచేతి చూపుడు వేలితో ఒక అంకె చెరిపి మరో అంకె కొట్టాడు. ఇంజన్ చప్పుడు ఒక్క పిసరు మెత్తబడింది. అతను తలెత్తి ఇంజన్ వైపూ, తెర వైపూ మార్చి మార్చి చూశాడు. మళ్లీ ఒకటి కొట్టాడు.

ఆ తరవాత మూడు శుక్రవారాలు అలాగే నడిచాయి. సమీవుల్లా బండి నడిపేవాడు, వాళ్లిద్దరూ పక్కన కూర్చునేవారు. ఆమె మీటరు చూసేది, అతను కళ్లు మూసుకుని వినేవాడు.

"ఇక్కడ ఆకలేస్తోందండి దీనికి."

ఆమె తెర చూసేది. అర క్షణం తరవాత పెట్రోలు తక్కువైనట్టు అంకె కదిలేది. "నిజమే! మీకు మీటరు కంటే ముందే ఎలా తెలుస్తోంది?"

"ఏవోనండి. కడుపులో ఖాళీ ఉన్న గొంతు వేరేగా ఉంటాది గదా."

ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. తన ఆఫీసులో కుర్ర ఇంజనీర్లకి చెప్తానంది.

ఆగస్టు రెండో శనివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. యాభై డిగ్రీలు. ఉమ్ సౌద్ మాట తప్పలేదు. స్టీరింగ్ దగ్గర దొరబాబుని కూర్చోమంది, మధ్యలో లాప్‌టాప్‌తో చాముండేశ్వరిని, కిటికీ పక్కన తను. వెనకాల సౌద్ కారులో సమీవుల్లా. వనైత్‌లో ఏసీ లేదు. కిటికీల్లోంచి పొయ్యి తలుపు తెరిచినట్టు గాలి కొట్టింది. ఫర్వానియా దగ్గర ట్రాఫిక్ ఆగింది. ముందు బస్సు, పక్కన బస్సు. పాత రోజుల్లో ఇంజన్ మొదట వణికేది ఇలాంటిచోటే. దొరబాబు చెవి ఇంజన్ మీదే పెట్టాడు. ఇంజన్ మాత్రం ఒకే తీరున మాట్లాడుతోంది. పచ్చ లైటు వెలిగింది, కదిలారు.

ఊరు దాటాక ఒక బకాలా, చిన్న కిరాణా కొట్టు, కనిపించగానే ఉమ్ సౌద్ చెయ్యి ఎత్తింది. "ఆపు. ఇంజన్ కట్టెయ్."

దొరబాబు ఆమె వైపు చూశాడు. ఆపితే ప్రమాదమని ఆమెకి తెలుసు. నడుస్తున్నంతసేపూ గాలికి కాస్త చల్లబడే ఇంజన్, ఆపగానే వేడెక్కిపోతుంది. కార్బరేటర్ రోజుల్లో ఆపిన తరవాతే అది మళ్లీ లేచేది కాదు. ముసలామె పరీక్ష పెట్టింది. చిక్కటి మజ్జిగ సీసాలు తెప్పించి అందరికీ పంచింది. నింపాదిగా తాగింది. సౌద్ రెండుసార్లు గడియారం చూశాడు. ఇరవై నిమిషాలు గడిచాక, "ఇప్పుడు తిప్పు," అంది.

దొరబాబు తాళం తిప్పాడు. వెనక పంపు జుయ్యిమంది. ఇంజన్ ఒక్క విసురుతో లేచింది. దగ్గలేదు, తడబడలేదు.

ఉమ్ సౌద్ కళ్లు మూసుకుని కాసేపు వింది. తరవాత దొరబాబు భుజం మీద తట్టింది. "అదే గొంతు. యల్లా, పోనియ్."

చాముండేశ్వరి లాప్‌టాప్ మూసేసింది. ఇంక చూడాల్సిందేమీ లేదంది. కబ్ద్ దాకా ఆమె కిటికీలోంచి ఎడారిని చూస్తూ, ముందుకి పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసుకుంటూ, చిన్నపిల్లలా కూర్చుంది.

ఫారంలో సౌద్ మచ్‌బూస్ వండించాడు. పెద్ద పళ్లెం నిండా అన్నం, మాంసం. చాముండేశ్వరి మాంసం తినదని తెలిసి ఉమ్ సౌద్ ఆమెకి వేరే పళ్లెంలో పప్పు అన్నం, పెరుగు పెట్టించింది. తన మిత్రుడి దగ్గర ఇలాంటి ఆరు సిలిండర్ల బండే మరొకటి షెడ్డులో పడి ఉందనీ, వచ్చే నెల తెస్తాడనీ సౌద్ చెప్పాడు. దొరబాబు తల ఊపాడు. తనకో పాత లాప్‌టాప్ ఎక్కడ దొరుకుతుందో చాముండేశ్వరిని అడిగాడు. "కొనకండి, మా ఆఫీసులో పక్కన పడేసినవి ఉన్నాయి, అడుగుతాను," అందామె.

ఎండ కొంచెం వాలింది. అందరూ నీడలో కూర్చుని ఉండగా, బయట ఇంజన్ లేచిన చప్పుడు వినిపించింది. దొరబాబు గబుక్కున లేచాడు. వనైత్ స్టీరింగ్ వెనక ఉమ్ సౌద్ కూర్చుని ఉంది. అబాయా చేతులు మోచేతుల దాకా మడిచింది.

"యుమ్మా!" సౌద్ పరిగెత్తాడు. "నువ్వెందుకు ఎక్కావు?"

"నువ్వు పుట్టకముందు నుంచీ బళ్లు నడుపుతున్నాను. నీళ్ల ట్యాంకు ఎవరు తెచ్చేవారనుకున్నావు, మీ నాన్నా? ఆయన ఒంటెల దగ్గరే ఉండేవాడు." దొరబాబుని చూసి పక్క సీటు మీద చేత్తో కొట్టింది. "ఎక్కు."

దొరబాబు ఎక్కాడు. ఆమె గేరు వేసింది. బండి మేకల దొడ్డి చుట్టూ తిరిగింది. మేకలు మెడలెత్తి చూశాయి. రెండోసారి తిరిగింది. మూడోసారి తిరగబోయి, గేటు తెరిచి ఉండడం చూసి, స్టీరింగ్ అటు తిప్పేసింది. వెనకాల సౌద్ చేతులు ఊపుతూ అరుస్తున్నాడు.

"యుమ్మా, లైసెన్స్ లేదు నీకు!"

"అది తారు రోడ్డుకి!" ఆమె కిటికీలోంచి కేక వేసింది.

నీడలో చాముండేశ్వరీ, సమీవుల్లా పడీపడీ నవ్వుతున్నారు. వనైత్ ఇసక మీదికి దిగింది. ఉమ్ సౌద్‌కి ఇసక ఎక్కడ గట్టిగా ఉంటుందో, ఎక్కడ మెత్తగా ఉంటుందో తెలుసు. మెత్తగా ఉన్నచోట తొక్కింది, గట్టిగా ఉన్నచోట వదిలింది. ఆరు సిలిండర్లూ ఆమె పాదం మాట వింటున్నాయి. దొరబాబు డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుని, నోరు తెరిచి నవ్వుతున్నాడు. ఇంతలా ఎప్పుడు నవ్వాడో అతనికే గుర్తు లేదు.

దిబ్బ ఎక్కుతూ ఆమె గేరు మార్చింది. సరిగ్గా అక్కడ ఇంజన్ గొంతులో ఒక చిన్న తడబాటు, ఒక్క రెప్పపాటు. ఇంకెవరికీ వినిపించేది కాదు. ఉమ్ సౌద్ తల తిప్పి దొరబాబు వైపు చూసింది.

"విన్నావా?"

"విన్నాను యుమ్మా. పట్టికలో కింది నుంచి నాలుగో వరస గడి. శుక్రవారం సరిచేస్తాను."

"శుక్రవారం మళ్లీ వస్తాను," అని ఆమె యాక్సిలరేటర్ ఇంకొంచెం నొక్కింది.